వడ్రంగిపిట్ట తట్టిన దూలము

ఖమ్మము పట్టణమునకు నైరృతి దిశలో ఇంచుమించు 20 కిలోమీటర్ల దూరమున నున్న నేలకొండపల్లి పేరు వినగానే చదువరులకు తోచునవి రెండు: ఊరి చేరువను వెలువడిన బౌద్ధస్తూపము ఒకటి, భద్రాద్రిరామునకు గుడి కట్టించి గోలకొండ చెరసాలలో మ్రగ్గిన కంచర్ల గోపన్నకు జన్మభూమి యగుట రెండవది. పాండవులు అజ్ఞాతవాసము గడపిన విరాటనగరము ఇదియే యని చెప్పువారును, మట్టికోట దిబ్బలకు విరాటరాజు పేరును, ఒక గుండమునకు కీచకుని పేరును తగిలించి చూపువారును నేటికిని కలరు. పురావస్తుశాఖవారి త్రవ్వకములలో ఇక్కడ ఇటుకలు బయల్పడినవి, సున్నపురాతి బుద్ధప్రతిమలు బయల్పడినవి, నాణెములు బయల్పడినవి. ఆ ఇటుకగోడలపై నిలిచిన కప్పులను మోసిన కొయ్య మాత్రము ఎన్నడో మట్టిలో కలిసిపోయినది. మన దేశమున రాతికి చరిత్ర కలదు, రాగిరేకునకు చరిత్ర కలదు, కొయ్యకు లేదు. శాసనము వేయించిన రాజు పేరు మనకు తెలియును గాని, ఆ రాజు పండుకొనిన గది దూలము ఏ చెట్టుదో, దానిని ఎవరు నరికిరో, ఎవరు చెక్కిరో, తుదకు దానిని ఏ పురుగు తినెనో మనకు తెలియదు.

ఈ వ్యాసమునకు విషయము ఆ కొయ్యయు, దానిపై వాలిన యొక పక్షియును.

మాఘము వెడలి ఎండలు ముదురుచున్న దినములలో, అడవి అంచు గ్రామములందు, తెల్లవారుచుండగనే ఇంటి చూరు క్రిందినుండియో, దొడ్డిలోని తాటిమోడు నుండియో, ఎవరో చిన్నసుత్తెతో వడివడిగా కొట్టుచున్నట్లు చప్పుడు వినవచ్చును. వెలుపలికి వచ్చి చూచినచో, గోడ దాటి ముందునకు వచ్చిన దూలపుమొనను గోళ్లతో కరచుకొని, బంగారువన్నె వీపును ఎఱ్ఱని జుట్టును గల వడ్రంగిపిట్ట యొకటి తన పనిలో తాను నిమగ్నమై యుండును. చూచిపోవువారికి వేడుకయే గాని గృహస్థునకు ఇది వేడుక గాదు. దూలపుమొనలో వ్రేలు దూరునంత బెజ్జము పడినచో వానకాలమున దానిలో నీరు నిలుచును. నీరు నిలిచినచోట కొయ్య మెత్తబడును. మెత్తబడిన కొయ్యను చెద వెదకికొని వచ్చును. కావుననే పిట్టను తోలుటకు ఇంటివారు పన్నిన ఉపాయములును, పిట్టకు పనియే లేకుండునట్లు ఇల్లు కట్టుటకు పనివారు పెట్టుకొనిన కట్టుబాట్లును పూర్వమునుండి వచ్చుచున్నవి. వీనిలో మొదటివి అల్పములు, రెండవవి విలువైనవి. అయినను మనవారు మొదటివానిని జ్ఞాపకముంచుకొని రెండవవానిని మరచిరి.

మైదానపు ఊళ్లలోను, తోపులలోను తఱచుగా కానవచ్చునది ఈ బంగారువీపు పిట్టయే. గోదావరి యొడ్డు అడవులకు పోయినకొలది దీని జ్ఞాతులు పెక్కురు కనబడుదురు: నడినెత్తిన పసుపు మచ్చ గల మరాటా వడ్రంగిపిట్ట, పిచ్చుకకంటె పెద్దది కాని గోధుమతల పిట్ట, చెట్టుకొమ్మలపై చీమలు కట్టుకొనిన గూటిలోనే తన గుడ్లకు చోటు తొలుచుకొను విచిత్రపు ఎఱ్ఱగోధుమ వన్నెది, ఇట్లు. 1931–32 సంవత్సరములలో సలీం అలీ హైదరాబాదు సంస్థానపు పక్షిజాతులను ఆరసి, ఆ ఫలితములను బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో ప్రకటించెను. ఆ దినములలో నేలకొండపల్లి నిజాము ఏలుబడిలోని వరంగల్లు జిల్లాలో చేరియుండెను. శాస్త్రజ్ఞులు ఈ జాతి శరీరనిర్మాణమును గూర్చి చెప్పునవి ఆశ్చర్యకరములు. కాలివ్రేళ్లు రెండు ముందునకును రెండు వెనుకకును తిరిగి నిలువు మ్రానును పట్టుకొనును. తోకయీకలు కఱ్ఱలవలె బిఱ్ఱబిగిసి వెనుకనుండి ఊతమిచ్చును. నాలుక మూలములు పుఱ్ఱె వెనుకగా చుట్టి పైకి వచ్చుటచే, ఆ నాలుక ముక్కు పొడవును మించి చాగి, సొరంగములోని పురుగును లాగుకొని రాగలదు.

ఇంతటి పనిముట్లు ధరించిన ప్రాణి కొయ్యను కొట్టుటకు కారణములు మూడు మాత్రమే కలవు. ఆహారము మొదటిది: కొయ్యలో పెంకుపురుగులు పెట్టిన పిల్లపురుగులను, చీమలను, చెదను తినుట. గూడు రెండవది: లోన పుచ్చి పైన నిలిచిన మోడును తొలిచి గుడ్లు పెట్టుట. మూడవది చాటింపు: జంటకట్టు ఋతువున, ఇది నా సీమ యని తక్కిన పక్షులకు తెలుపుటకై, బాగుగా మ్రోగు వస్తువును ఎన్నుకొని దానిపై వేగముగా మొత్తుట. ఈ మూడవదానివలన కొయ్యకు కలుగు నష్టము స్వల్పము. చెవులకు కలుగు నష్టమే ఎక్కువ. మొదటి రెండింటిలో నొక రహస్యము కలదు. చేవదేరి ఆరిన టేకుదూలమున పురుగు ఉండదు, పుచ్చు ఉండదు. అట్టి దూలముపై పిట్ట వాలినను రెండు దెబ్బలు కొట్టి, లోనినుండి వచ్చు ధ్వనిని బట్టి ఇక్కడ తనకు పని లేదని గ్రహించి ఎగిరిపోవును. అది విడువక తొలుచుచున్నదన్నచో లోపల ఏదియో కలదన్నమాట. కొయ్యను తొలుచు పురుగు గీసిన గీతలు ఒక్కొకచో అక్షరములవలె కనబడుననుటను మన పెద్దలు ఘుణాక్షరన్యాయమనిరి. ఆ లిపిని చదువనేర్చిన ప్రాణి లోకమున నిది యొక్కటియే.

ప్రాచీనులకు ఈ పక్షితో పరిచయము తక్కువ కాదు. యజుర్వేదపు వాజసనేయసంహితలో అశ్వమేధమునకు సంబంధించిన ప్రాణుల పట్టికయందు దార్వాఘాటము, అనగా వడ్రంగిపిట్ట, వనస్పతులకు చెందినదిగా పేర్కొనబడినది. అమరసింహుడును దానిని శతపత్రకముతో చేర్చి చెప్పెను. అయినను దీనిని ప్రేమతో చూచినవారు బౌద్ధులు. నేలకొండపల్లి స్తూపము కట్టిన కాలమునాటికే దేశమంతట వ్యాపించియున్న జాతకకథలలో వడ్రంగిపిట్ట పలుమారులు వచ్చును, వచ్చినప్పుడెల్ల బుద్ధిశాలిగనే వచ్చును. సింహము గొంతున ఇఱికిన ఎముకను తీసిన శస్త్రవైద్యుడు అదియే. కురుంగమృగజాతకమున లేడి, తాబేలు, వడ్రంగిపిట్ట అను మూడు ప్రాణులు చెలిమితో నుండగా, లేడి వేటకాని తోలుత్రాటి ఉచ్చున చిక్కుకొనును. తాబేలు ఆ త్రాటిని పండ్లతో కొఱుకుచుండగా, వేటకాడు రాకుండ చూచు భారము పిట్టపై పడును. అది తిన్నగా వాని ఇంటికి పోయి కాచుకొని కూర్చుండును. తెల్లవారుజామున వాడు కత్తి పట్టుకొని తలవాకిట అడుగు పెట్టగనే మొగముపై రెక్కలతో కొట్టును. అపశకునమని వాడు వెనుకకు మఱలి కొంతసేపు పడుకొని, పిట్ట ముందువైపున ఉన్నదిగదా యని పెరటివాకిట బయలుదేరగా, వాని యూహను ముందే ఊహించిన పిట్ట అక్కడను సిద్ధముగా నుండి మఱల కొట్టును. భర్హుతు స్తూపపు ఱాతిచెక్కడములలో ఈ ముగ్గురు స్నేహితుల కథకు చోటు దొరకినది. ఒక యింటివాకిట వడ్రంగిపిట్ట మనుష్యుని ముప్పుతిప్పలు పెట్టిన వృత్తాంతములలో నేనెఱిగినంతవఱకు ఇంతకంటె పాతది లేదు. అందు న్యాయము పిట్ట పక్షమునే యుండుట గమనింపదగినది.

మఱియొక జాతకము మన ప్రాంతపు వడ్రంగులకు మిక్కిలి ఉపయోగపడునట్టిది. చండ్రవనమున నివసించు వడ్రంగిపిట్ట యొకటి, మెత్తని చెట్ల తోపున నివసించు తన స్నేహితుడు చుట్టముగా రాగా, చండ్రమ్రాకులను తొలిచి పురుగులను తీసి విందు చేసెను. అతిథికి గర్వము కలిగెను. నీకు చేతనైనది నాకు చేతగాదా యని చండ్రమానును తానును కొట్టబోయి, ముక్కు విఱిగి నేలగూలి ప్రాణములు విడిచెను. బుద్ధునితో పోటీపడిన దేవదత్తుని దురభిమానమును చూపుటకై చెప్పిన కథ యిది; దానిని చెప్పినవారికి చెట్లజాతులు, వాని గట్టిదనములు ఎంత చక్కగా తెలియునో నాకు ముఖ్యము. ఖమ్మము, భద్రాచలము అడవులలో చండ్ర విస్తారముగా కలదు. ఆ చేవను మన పల్లెవారు రోకళ్లకును, నేలలో పాతు గుంజలకును ఏల కోరుదురో, ఆ అభాగ్యపు పిట్ట ముక్కును అడిగిన చాలును.

క్రీస్తుశకము ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో మంచములకును పీటలకును పనికివచ్చు కొయ్యలను చెప్పుచు, పనికిరాని చెట్లను ఏకరువు పెట్టెను: పిడుగుపాటునను, నీటివడిని, గాలిచేతను, ఏనుగులచేతను పడినవి, తేనెపట్టులును పక్షిగూళ్లును గలవి, శ్మశానమునను చైత్యమునను దారిప్రక్కను మొలిచినవి, కొన యెండినవి, తీగలు చుట్టుకొనినవి. నేటి చదువరి దీనిని మూఢనమ్మకమని త్రోసివేయవచ్చును. నిదానించి చూచినచో ఈ పట్టికలో సగమునకు పైగా శుద్ధమైన దారుశాస్త్రమే కలదు. పక్షిగూడు గల చెట్టు అనగా తొఱ్ఱ గల చెట్టు; తొఱ్ఱ గల చెట్టు అనగా లోని చేవ కుళ్లినది. కొన యెండిన చెట్టు వేరుతెగులుతోనో పురుగుతోనో చచ్చుచున్నది. పిడుగు పడిన మ్రాను నిలువునా చీలియుండును. పల్లెవడ్రంగికి సంహిత చదువనక్కఱలేదు. తండ్రితో అడవికి పోయి, వడ్రంగిపిట్ట బెజ్జము గల చెట్టును ముట్టుకొనవలదని వినియుండిన చాలును. పక్షి నివాసమును పాడుచేయరాదను దయయు, పుచ్చిన కొయ్యను ఇంటికి తేరాదను జాగ్రత్తయు ఒక్క ఆచారమున ఇమిడినవి. ఏది ముందు పుట్టెనో చెప్పుట కష్టము. జాగ్రత్తయే ముందు పుట్టి దయ పిమ్మట దానికి వన్నె పెట్టినదని నేననుకొందును.

చెట్టును ఎన్నుకొనుటలో పనివానికి రెండవ పరీక్ష గొడ్డలిమడమ. నిలువు మ్రానుపై మడమతో కొట్టి చెవియొగ్గినచో, గట్టి చెట్టు ఖంగుమనును, డొల్లచెట్టు బొళ్లుమనును. పిట్టయు సరిగా ఇట్లే చేయును. దాని తట్టుటలో కొంత తినుటకు, కొంత వినుటకు. ఒకే విద్యను ఇద్దరు అభ్యసించిరి గాని ఫలితమును ఇరువురు తలక్రిందులుగా గ్రహించిరి: డొల్లయని తేలినచో పిట్ట కూర్చుండును, వడ్రంగి లేచిపోవును.

పూర్వపు ఇంటి నిర్మాణమును కొంచెము చూడవలెను. కలవారి భవంతులలో ఆరుబయలు నడుమ విడిచి చుట్టును స్తంభములు నిలిపి, వానిపై దూలములు, దూలములపై మొగరములు, వానిమీద వెన్నుదూలము, అటునిటు వాసములు, వాసములపై వెదురుబద్దలు, ఆపైన గూనపెంకు. ఇట్టి యింట ఇనుపచీల అరుదు; కుసియు గాడియు కలిపి, కొయ్యమేకు దిగగొట్టి బిగించెడివారు. బాడిసతో చెక్కి, చిత్రిక పట్టి, ద్వారబంధమునకు గడపకు పూలు పద్మములు చెక్కుటతో వడ్రంగి పని ముగిసెడిది కాదు. ఆ కొయ్య మూడు తరములు నిలుచుటకు వలసిన యేర్పాటును అతడే చూడవలసియుండెను. దూలములకు టేకు, ఏగిస, నల్లమద్ది. కిటికీలకు తలుపులకు జిట్రేగి. బీదవారికి వేప, తుమ్మ, ముదురుతాడి. టేకునందైనను నడిమి చేవనే గాని తెల్లని పైచెక్కను దూలమున ఉంచెడివారు కారు. పురుగునకు రుచియైనది ఆ తెల్లచెక్కయే. తాటిమ్రాను సంగతి వేఱు. దాని బలమంతయు పైపొరయందు కలదు, లోని భాగము దూదివలె మెత్తన. నిలువునా చీల్చి ఆ మెత్తనిదానిని బాడిసతో గీకివేయవలెను; సోమరియైనవాడు గీకక కప్పున పెట్టినచో, ఆ మెత్తని దారిని పురుగును, పురుగు వెనుక పిట్టయును వచ్చును.

నఱికిన కొయ్యను వెంటనే వాడెడివారు కారు. వెదురును, తాటిదూలములను ఊరి చెరువులో నెలల తరబడి ముంచియుంచుట తెలుగుదేశమంతట నుండిన వాడుక. నీటిలో నానునప్పుడు కొయ్యలోని పిండిపదార్థము, తీపి కరగిపోవును. వెదురును పిండిచేయు పుచ్చుపురుగునకు కావలసినది అదియే గావున పిమ్మట ఆ వెదురు దానికి నీరసముగా నుండును. వెదురును కృష్ణపక్షముననే నఱుకవలెనను నియమమును ఉండెను. పక్షము మాట యెట్లున్నను ఋతువు మాట నిజము: కొత్తపిలకలు వేయుటకు ముందటి యెండకాలమున వెదురులో పిండి నిండుగా నుండును, అప్పుడు నఱికినది త్వరగా పుచ్చును. ఇల్లు కట్టిన పిమ్మట రక్షణభారము వడ్రంగినుండి గృహిణికి సంక్రమించును. వంటింటి పొగ అటకమీదుగా ప్రాకి వాసములకు నల్లని పూత పూయును. ఆ మసిపట్టిన కొయ్యలో గ్రుడ్లు పెట్టుటకు పురుగు ఇష్టపడదు. పొగగొట్టము లేని పాత వంటిల్లు కన్నులకు చేసిన కీడు అపారమే గాని, కప్పునకు చేసిన మేలు కాదనరాదు. పండుగలకు ద్వారబంధములకు కానుగనూనెయో ఆముదమో రాయుట, అడుగుభాగమున చెద ఎక్కకుండ జీడినూనె పట్టించుట ఇట్టివన్నియు ఏడాదికొకమారు ఇంటిపనిలో చేరినవే.

పిట్టను ఇంటికి పిలుచువారిలో పురుగు గాక మఱియొకరు కలరు, వారు నల్లని పెద్ద తుమ్మెదలు. ఎండిన దూలముల అడుగున, వెదురువాసముల కణుపులనడుమ, బర్మాతో తొలిచినట్లు గుండ్రని బెజ్జము పెట్టి, లోన పుప్పొడిముద్దలు పేర్చి పిల్లలను పెంచును. కొయ్యను తొలువగల తుమ్మెద తామరరేకును తొలువలేక మొగ్గలో చెఱపడినదని సంస్కృతకవులు ప్రేమబంధమునకు దృష్టాంతము చెప్పిరి. ఆ కవుల ఇండ్ల దూలములకు బెజ్జములు ఉండియుండవలెనని నా ఊహ. తుమ్మెద బెజ్జము చిన్నది, సాఫైనది. దానిలోని పిల్లపురుగులకై పిట్ట వచ్చి చేయు గాయము పెద్దది, మోటైనది. కావున నేరము పిట్టమీద పడెను.

అడవిలోనికి పోయినచో ఇల్లే వేఱు. భద్రాచలపు కోయగూడెములలో గుంజలు పాతి, తడికలు కట్టి, మట్టి మెత్తి, గడ్డి కప్పిన యిండ్లు. పాపికొండల కొండరెడ్లవి ఇంచుమించుగా వెదురుటిండ్లే. 1940 ప్రాంతములందు నిజాము సంస్థానపు ఆదిమజాతుల నడుమ పనిచేసి, కొండరెడ్లను గూర్చి 1945లో గ్రంథము ప్రకటించిన హైమెండార్ఫ్, వారు వర్తకులకును కంట్రాక్టర్లకును కలపయు వెదురును నఱికి గోదావరికి చేర్చుటయు, ఆ పనిలో అప్పులపాలగుటయు వర్ణించెను. తెప్పలుగా కట్టిన ఆ కలప నదిలో తేలి రాజమహేంద్రవరము చేరెడిది. కోస్తాజిల్లాల మేడలకు దూలములిచ్చిన కొండవాడు తాను మాత్రము తడికగోడల నడుమ నివసించెను. అయినను అతడికి వడ్రంగిపిట్టతో తగవు లేదు. గుంజ పుచ్చినచో మఱియొక గుంజ నాటుకొనును. పోడుచేనులో ఎండి నిలిచిన మోడులు ఇంటికంటె పిట్టకు ప్రియమైనవి. ఆ మోడులుండగా అది గుడిసె జోలికి రానక్కఱలేదు. ఇంటిని శాశ్వతమనుకొనువానికే పిట్ట శత్రువు.

ఇక రాజకీయచరిత్రలోనికి కొంత దిగక తప్పదు, ఏలయన మైదానపు పల్లెలకు చేవగల కొయ్య దూరమైనది ప్రభుత్వముల చేతలవలననే. 1860లో నిజాము భద్రాచలపు సీమను ఇంగ్లీషువారికి వదలుకొనెను. అది మొదట మధ్యపరగణాలలో ఎగువ గోదావరి జిల్లాగా నుండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిసెను. అంతట నది సరిహద్దయ్యెను: ఆవలియొడ్డున 1882 నాటి మద్రాసు అటవీచట్టము, ఈవలియొడ్డున నిజాము అటవీశాఖ. 1889 నాటికి రైలుమార్గము ఖమ్మము మీదుగా బెజవాడకు చేరెను. ఆ యేడే సింగరేణి బొగ్గు త్రవ్వకము మొదలయ్యెను. పట్టాల క్రింద పఱచుటకు దిమ్మెలును, గనులలో పైకప్పు కూలకుండ నిలుపుటకు గుంజలును కావలసివచ్చెను. ఊరివాడు బండి కట్టుకొని అడవికి పోయి, తన యింటికి వలసిన రెండు దూలములు తానే ఎన్నుకొని తెచ్చుకొను స్వేచ్ఛ క్రమక్రమముగా తగ్గి, రిజర్వు అడవులు, పర్మిట్లు, డిపోలు, వేలములు వచ్చెను. హైదరాబాదు సంస్థానమున 1355 ఫసలీ, అనగా 1945 నాటి అటవీచట్టము వఱకును, తుదకు రెండు ప్రాంతముల చట్టములను ఏకముచేసిన 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీచట్టము వఱకును నడచిన కథ ఇదియే.

ఈ చట్టములు అనవసరమని నా వాదము కాదు. అవి లేకున్నచో రైలును గనులును వర్తకులును కలిసి నేటికి ఆ మాత్రపు అడవినైనను మిగిల్చియుండరు. నేను చెప్పునది వడ్రంగి విద్యకు జరిగిన సంగతి. చెట్టును నిలువుననే చూచి, తట్టి, విని, ఎన్నుకొనుట అతని విద్యలో మొదటి పాదము. డిపోలో పడియున్న దుంగను వేలములో కొనునప్పుడు ఆ పాదము తెగిపోయెను. మేలి టేకు పట్టణములకు పోగా పల్లెలలో మామిడి, తెల్లచెక్క తీయని లేతటేకు, గీకని తాడి దూలములైనవి. పిట్టలు కొత్తగా దుర్మార్గములు కాలేదు. వానికి ఇంటిలో పని కల్పించినవారము మనమే.

పిట్ట వచ్చినప్పుడు ఇంటివారు చేయు చికిత్సలు పెద్దగా చెప్పదగినవి కావు. బెజ్జమును జిగటమట్టియు సున్నమును కలిపి పూడ్చి పైన వేపనూనె పూయుట, దూలపుమొనకు తారు పట్టించుట, రేకుముక్క తొడుగుట, గాలికి కదలు గుడ్డపేలికను వ్రేలాడగట్టుట, పిల్లల చేతికి ఉండేలు ఇచ్చుట. వీనిలో రేకుతొడుగు పనిచేయును. పేలికకు పిట్ట నాలుగుదినములలో అలవాటుపడును. ఉండేలు పిల్లలకు వినోదము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట ఆ చివరిది నేరము కూడను. గూడు నిలిచినచోట, పిల్లలు ఎగిరిపోవువఱకు బెజ్జమును పూడ్చకుండుట మర్యాద. పిట్ట విడిచిపోయిన తొఱ్ఱలు వృథాపోవు. గోరువంకలు, పైడికంటెలు, ముఖ్యముగా రామచిలుకలు వానిని ఆక్రమించుకొనును. ఇక్కడ నేలకొండపల్లి పౌరులకు నొక మాట జ్ఞాపకము వచ్చును. గోపన్న పన్నెండేండ్లు చెఱననుభవించుటకు కారణము, పూర్వజన్మమున ఆయన యొక చిలుకను పంజరమున బంధించుటయే యని భక్తులు చెప్పుకొను కథ తెలుగువారికందఱికిని తెలిసినదే. కథలోని చిలుక ఏ తొఱ్ఱలో పుట్టెనో కథకులు చెప్పలేదు. ఈ సీమలో చిలుకల కాపురములు పెక్కింటికి వడ్రంగిపిట్ట తొలిచి విడిచిన గదులే ఆధారమని మాత్రము చెప్పవచ్చును.

కొయ్యయిండ్లు అంతరించిన మన దేశమున సమసిపోవుచున్న ఈ తగవు, సముద్రము దాటిన తెలుగువారికి కొత్తగా సంక్రమించినది. అమెరికాలో డాలస్, అట్లాంటా, న్యూజెర్సీ ప్రాంతములందు ఇండ్లు కొనుక్కొనినవారు, అవి పైకి గోడలవలె కనబడినను లోన కొయ్యచట్రములనియు, పైన పలుచని పలకలో నురుగుదిమ్మెలో తాపినవనియు, ఆమనికాలపు ఉదయమున వడ్రంగిపిట్ట తట్టినప్పుడు గ్రహింతురు. అక్కడ 1918 నాటి వలసపక్షుల చట్టము ఈ పక్షులకును రక్ష; అనుమతి లేక చంపుట నేరము. కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షిశాస్త్రజ్ఞులు తోలు ఉపాయములు పలువిధములైనవి పరీక్షింపగా, గాలికి మెఱయుచు కదలు పట్టీలు మాత్రమే కొంత నిలకడగా పనిచేసినవట. మన గుడ్డపేలికకు అవి దాయాదులే. ప్లాస్టిక్ గుడ్లగూబను నిలుపువారును కలరు. 1995లో ఫ్లోరిడాలో ప్రయోగమునకు సిద్ధముగా నిలిపిన డిస్కవరీ రోదసినౌక ఇంధనపు తొట్టిపైని నురుగుపూతలో ఫ్లికర్ అను వడ్రంగిపిట్టలు 200 దాక బెజ్జములు పెట్టగా, నౌకను మఱల షెడ్డునకు లాగుకొనిపోయి బాగుచేయవలసివచ్చెను. జూన్‌లో పోవలసిన నౌక జూలై 13న గాని పోలేదు. ఆ తరువాత అక్కడను గుడ్లగూబ బొమ్మలనే నిలిపిరి. చంద్రుని దాక మనుష్యుని పంపిన సంస్థ, పిట్ట విషయమున మన పల్లెరైతు దిష్టిబొమ్మను మించి పోలేదు.

నేలకొండపల్లి చుట్టుప్రక్కల నేడు కట్టునవి సిమెంటుకప్పుల యిండ్లు. దూలము లేదు, వాసము లేదు, చూరు లేదు, కావున పిట్టయు రాదు. మిగిలిన గూనపెంకుటిండ్లు ఏడాదికి కొన్ని చొప్పున పడగొట్టబడుచున్నవి. వాని దూలములు, చెక్కిన ద్వారబంధములు పాతకలపగా అమ్ముడుపోయి, పట్టణములలో సోఫాలును అలంకారపు స్తంభములును అగుచున్నవి. వానితో పాటు ఏ దూలము ఏ చెట్టుదో, ఏ అడవినుండి ఏ యేట వచ్చెనో, ఎవరి చేతిపనియో చెప్పగల జ్ఞాపకమును పోవుచున్నది. అమ్మకానికి ముందు ఇంటి పెద్దలు ఒక్క పూట వెచ్చించి, ఊరి వడ్రంగులలో వయసు మీఱినవారిని పిలిచి, దూలము దూలమునకు కొయ్యపేరు, కొలత, కుసి కూర్చిన తీరు, తెలిసినంతవఱకు కట్టిన సంవత్సరము ఒక నోటుపుస్తకమున వ్రాయించి, దాని ప్రతిని ఊరి గ్రంథాలయమునకు ఇవ్వవలసినదని నా మనవి. పిట్ట పెట్టిన బెజ్జములున్నచో వానిని కూడ లెక్కించి వ్రాయింపుడు.